గ్లిమిపిరైడ్ పోయి ఎంపాగ్లిఫ్లోజిన్ వచ్చింది: మందు మంచిదే, బెంగళూరు ట్రాఫిక్‌తోనే కష్టం

షుగర్‌కి నేను వేసుకునే ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ళకి నా మట్టుకు 5కి 4 ఇస్తాను. ఆ ఒకటి ఎందుకు కోశానో చెప్పాలంటే ముందు పాత మందు సంగతి చెప్పాలి.

షుగర్‌కి మామూలుగా రాసే మెట్‌ఫార్మిన్‌తో పాటు చాలాకాలం నాకు గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగర్ బిళ్ళ నడిచింది. పని చేయదని అనను, బాగా చేస్తుంది, చవక కూడా. కానీ అది పాంక్రియాస్‌ని తట్టి లేపి ఇన్సులిన్ వదిలిస్తుంది, మనం వేళకి తిన్నామా లేదా అన్నది దానికి అనవసరం. పొద్దున టిఫిన్ ముందు వేసుకుని మారతహళ్ళిలో బయల్దేరి, ఆఫీసులో మీటింగు సాగి సాగి భోజనం రెండున్నరకి పడిందంటే చేతులు వణుకు, చెమటలు, ఎదుటివాడు చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కదు. షుగర్ తగ్గడానికి మందు వేసుకుని, ఆ మందు భయానికి జేబులో చాక్లెట్లు పెట్టుకు తిరగడం! పైగా ఒళ్ళు కూడా వచ్చింది, ఈ రకం మందులతో అది మామూలే.

డాక్టరు గారు కిడ్నీ రిపోర్టులు చూసి గ్లిమిపిరైడ్ ఆపేసి, మెట్‌ఫార్మిన్ ఉంచి, ఎంపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. రాశారు. కిడ్నీలు రక్తాన్ని వడకట్టాక చక్కెరని మళ్ళీ వెనక్కి లాక్కుంటాయి కదా, ఇది అందులో కొంత లాక్కోనివ్వదు, అది మూత్రంలో పోతుంది. ఇన్సులిన్‌ని బలవంతంగా వదిలించదు కాబట్టి మెట్‌ఫార్మిన్‌తో వాడితే షుగర్ డౌన్ అవడం అరుదు. ఇప్పుడు భోజనం లేటైతే ఆకలేస్తుంది, అంతే. ఆ సుఖం పడ్డవాడికే తెలుసు. నాకు పొట్ట కొంచెం తగ్గింది, మూడు నెలల షుగర్ రిపోర్టు కూడా బాగానే వచ్చింది. గుండె జబ్బు ఉన్న షుగర్ పేషెంట్లలో గుండె మరణాలు తగ్గాయని 2015లో ఒక పెద్ద ట్రయల్ తేల్చింది, గుండె డాక్టర్లు దీన్ని ఇష్టంగా రాసేది అందుకే.

ఇక కోసిన మార్కు. చక్కెర ఒక్కటే పోదు, నీళ్ళని వెంటేసుకుని పోతుంది. మొదట్లో సిల్క్ బోర్డు దగ్గర బస్సు కదలక నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. అలాగని నీళ్ళు తాగడం మానేస్తే ఇంకా ప్రమాదం, ఒళ్ళు ఎండిపోతుంది. సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ, కింద ఫంగస్, దురద వస్తాయి, ఆడవాళ్ళకి ఇంకా ఎక్కువట. శుభ్రంగా ఉంచుకోవాలి, వస్తే వెంటనే చూపించుకోవాలి, మామూలుగా క్రీముతో పోతుంది. ఆఫీసు హెల్త్ చెకప్‌లో యూరిన్‌లో షుగర్ ఫుల్లుగా చూపిస్తుంది, ల్యాబ్ వాళ్ళు కంగారు పెడతారు, మీరు పడకండి, మందు పని చేస్తున్నట్టే లెక్క.

కంగారు పడాల్సింది వేరే ఉంది. కార్తీక సోమవారం ఉపవాసాలు చేసేవాళ్ళు, వాంతులై ఏమీ తినలేనివాళ్ళు, ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు ఈ మందు గురించి డాక్టరుకి ముందే చెప్పాలి. తిండి లేనప్పుడు ఇది కీటోయాసిడోసిస్‌కి, అంటే రక్తంలో యాసిడ్లు పేరుకుపోవడానికి, దారి తీయొచ్చు, అప్పుడు మీటర్‌లో షుగర్ పెద్దగా ఎక్కువ లేకపోయినా ప్రాణం మీదికి రావచ్చు. మా ఆవిడ ఇది విన్న దగ్గర్నుంచి నా ఉపవాసాలు కూడా తనే చేస్తోంది.

ధర గురించి చెప్పకపోతే ఎలా. ఒకప్పుడు బిళ్ళ ఒక్కటి దగ్గర దగ్గర 60 రూపాయలు, నెలకి లెక్కేస్తే దండం పెట్టేసేవాణ్ణి. 2025 మార్చిలో పేటెంట్ అయిపోయాక మన కంపెనీలన్నీ ఒకేసారి దిగాయి, ఇప్పుడు 10 రూపాయల లోపు కూడా దొరుకుతోంది. దాంతో ఇంకో తలనొప్పి, బ్రాండ్లు కుప్పలు కుప్పలు, పేర్లన్నీ ఒకేలా. మా వీధిలో మెడికల్ షాపు కుర్రాడు ఒకసారి "అదే మందు సార్, కంపెనీ వేరు" అని చేతిలో పెట్టాడు, తిప్పి చూస్తే లినాగ్లిప్టిన్ అనే ఇంకో షుగర్ మందు కలిపినది. ఇది నాకు రాయలేదయ్యా అంటే చీటీ మళ్ళీ చదివి, సణుక్కుంటూ మార్చి ఇచ్చాడు.