వ్యూ ఉంటే సరిపోతుందా? బొమ్మల కోసం 11 రోజులు

గది బుక్ చేసేటప్పుడు ఎవరైనా ముందు అడిగేది వ్యూ గురించే. నేనూ అదే అడిగాను. సముద్రం కనిపించే గది కావాలన్నాను, మాట ప్రకారం ఇచ్చారు. బాల్కనీలో ఈజిల్, అంటే బొమ్మ వేసే స్టాండు, నిలబెట్టాక గానీ తెలియలేదు, అది పడమటి బాల్కనీ అని. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండంతా కాగితం మీదే. ఎండలో తెల్ల కాగితం ఎంత మెరుస్తుందంటే, వేసే ప్రతి రంగూ పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ ముదురు చేసుకుంటూ పోతాం. గదిలోకి తెచ్చి చూస్తే సముద్రం కాస్తా సిరాబుడ్డి ఒలికినట్టుంటుంది. నా మొదటి రెండు బొమ్మలూ అలా పోయినవే.

నాలుగు రోజులు సముద్రం, నాలుగు రోజులు కొండ, మూడు రోజులు నది అని లెక్క వేసుకుని బయలుదేరాను. ఆరుబయట కూర్చుని బొమ్మలు వేయడం నాకు కొత్త కాదు. ఒకే కాగితం మీద నీటిరంగులు, నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులు, పేస్టల్ అనే రంగు కడ్డీలు కలిపితే ఏమవుతుందో చూడాలన్నది మాత్రం ఈసారి కొత్తగా పెట్టుకున్న పని. కాబట్టి ఏ చోటు ఎలా ఉందో బొమ్మలు వేసేవాళ్ల లెక్కలోనే చెబుతాను. ఫొటోలకి వెళ్లేవాళ్ల మార్కులు వేరుగా ఉండొచ్చు.

సామాను సంగతి ముందు చెప్పాలి. విమాన ప్రయాణం కాబట్టి ఆయిల్ రంగులు ఇంట్లోనే వదిలేశాను. చిక్కు రంగులతో కాదు, వాటిని పల్చన చేసే టర్పెంటైన్‌తో. మండే ద్రవం కనుక హ్యాండ్ బ్యాగులోనూ తీసుకెళ్లనివ్వరు, చెక్-ఇన్ సామానులోనూ తీసుకెళ్లనివ్వరు. అందుకని నీటిరంగుల పెట్టె, ఆరు అక్రిలిక్ ట్యూబులు, జిడ్డుగా ఉండే ఆయిల్ పేస్టల్స్, పొడిపొడిగా రాలే సాఫ్ట్ పేస్టల్స్ చెరో చిన్న డబ్బా, 300 జీఎస్‌ఎం మందం కాటన్ కాగితం బ్లాకులు రెండు, జిగురులా పనికొచ్చే మాట్ జెల్ ఒక డబ్బా, మడత స్టూలు. అంతే. సెక్యూరిటీ దగ్గర ట్యూబులన్నీ ఒక్కొక్కటే తీసి చూపించమన్నారు. వెనక క్యూలో వాళ్ల చూపులు తప్పించుకుంటూ జాన్ గాఫ్ రాండ్‌ని తలుచుకున్నాను. 1841లో ఆ అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకునేదాకా, ఆయిల్ రంగుల్ని పంది మూత్రాశయంతో చేసిన తిత్తుల్లో మూటకట్టుకునేవారు. గుచ్చి రంగు పిండుకోవాలి, ఆ కన్నం మళ్లీ సరిగ్గా మూసుకోదు. ఆ తిత్తులు నా సంచిలో ఉంటే ఆ సెక్యూరిటీ ఆయన ఏమనేవాడో!

సముద్రం దగ్గర అసలు శత్రువు గాలి. మొదటి రోజు పొద్దున్నే ఒడ్డున గొడుగు పాతుకుని కూర్చున్నాను. పావుగంటలో గొడుగు నన్ను వదిలి తన దారిన తను పోయింది. దాని వెనక నేను పరిగెత్తి వచ్చేసరికి రంగులు కలుపుకునే పాలెట్ మీద అక్రిలిక్ గట్టిగా పొర కట్టేసింది. ఈ రంగులో నీళ్లు ఆరితే రంగు ఆరినట్టే, గాలి ఉన్నచోట అందుకు ఎంతోసేపు పట్టదు. మర్నాటి నుంచి పాలెట్ మీద తడి గుడ్డ, దాని పైన బట్టర్ పేపర్ పరిచి, ఆ కాగితం మీద రంగు పెట్టుకున్నాను. ఈజిల్ కాళ్ల మధ్య ఇసుక నింపిన సంచీ వేలాడదీశాను. గొడుగుకి సెలవిచ్చి, ఒక పాత గోడ నీడ వెతుక్కున్నాను. ఆ గోడ నుంచి సముద్రం సగమే కనిపిస్తుంది. ఆ సగంతోనే మంచి బొమ్మ వచ్చింది.

ఇసుక ఎలాగూ రంగులో పడుతోంది, మనమే ఎందుకు కలపకూడదు అనిపించింది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1870లో ట్రూవిల్ బీచ్‌లో వేసిన బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని రంగులో ఇసుక రేణువులు దొరికాయి. ఆయన కావాలని కలిపినవి కావు, గాలి తెచ్చి అంటించినవి. నేను మాత్రం కావాలనే కలిపాను. గుప్పెడు ఇసుకని మంచినీళ్లతో నాలుగైదు సార్లు కడిగి, గదిలో ఆరబెట్టి, మాట్ జెల్‌లో కలిపి కాగితం కింది భాగంలో పాలెట్ నైఫ్‌తో పూశాను. కడగడం మానేస్తే ఉప్పు మిగిలిపోయి చెమ్మ లాగుతుంది. ఆరాక దాని మీద గోధుమరంగు వాష్, అంటే నీళ్లలా పల్చటి పూత, వేస్తే గరుకు సందుల్లోకి రంగు తనంతట తనే దిగింది. అలలు నేను సరిగ్గా వేయలేకపోయాను గానీ ఒడ్డు మాత్రం ముట్టుకుంటే చేతికి తగిలేట్టు వచ్చింది.

నురగ దగ్గర తప్పు చేశాను. తెల్ల ఆయిల్ పేస్టల్‌తో నురగ గీసి, దాని మీద అక్రిలిక్ పూశాను. నీటిరంగు అయితే ఆ జిడ్డు మీద నిలవకుండా పక్కకి జారుతుంది, నురగ తెల్లగా మిగులుతుంది. అక్రిలిక్ పైకి పట్టినట్టే పట్టి, ఆరాక గోటితో గీకితే పొట్టులా లేచొచ్చింది. అక్రిలిక్‌తో అయితే జిడ్డు ఎప్పుడూ పైనే ఉండాలి, కింద పనికిరాదు.

ఇక ఆ బస. గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదగా ఉన్నారు. బ్రష్‌లు కడుక్కోవడానికి బాత్రూమ్ బేసిన్ తప్ప వేరే చోటు లేదు, తుడుచుకోవడానికి మంచులా తెల్లటి తువ్వాళ్లు! ఒక దానికి నీలం అంటింది. థాలో బ్లూ అనే ఆ నీలం అంత తేలిగ్గా వదలదు. తప్పు నాదే, వెళ్లేటప్పుడు దాని ఖరీదు కట్టి వచ్చాను. పాత బనియన్లు నాలుగు సంచిలో పడేసుకోండి, నా మాట వినండి.

కొండమీద బస దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. పాత గెస్ట్‌హౌస్, తలుపులు కిర్రుమంటాయి, వేడినీళ్లు వస్తే వచ్చినట్టు. కిటికీలోంచి చూస్తే పెరడు, ఒక రేకుల షెడ్డు, దాని వెనక ఏటవాలుగా చెట్లు. వ్యూ అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. కానీ ఉత్తరం వైపు పొడవాటి వరండా ఉంది, పైన కప్పు ఉంది. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఒకే రకం వెలుతురు. కేర్‌టేకర్ నా సామాను చూసి, అడక్కుండానే ఒక పాత బల్ల, రెండు బకెట్లు తెచ్చి పెట్టాడు. "ఇక్కడ కూర్చోండి మేడమ్, రంగు పడినా ఏం కాదు, ఎలాగూ పాత నేలే" అన్నాడు. 11 రోజుల్లో నాకు దొరికిన అతి గొప్ప సర్వీసు ఆ ఒక్క మాట.

పేరుమోసిన వ్యూపాయింట్‌కీ వెళ్లాననుకోండి. రెయిలింగ్ పొడుగునా జనం. నా భుజం మీంచి చేతులు చాచి సెల్ఫీలు తీసుకున్నారు. గంట కూర్చుని ఒక పెన్సిల్ స్కెచ్‌తో దిగొచ్చాను. బొమ్మల కోసమైతే ఆ ఎక్కుడు దండగ.

కొండమీద ఇబ్బంది చెమ్మ. పొగమంచు దిగితే వేసిన వాష్ గంట దాటినా ఆరదు. ఆరేలోగా రెండో పొర వేస్తే బురదే. ఎదురుచూడటం చేతకాక కాగితాన్ని మాస్కింగ్ టేపుతో నాలుగు గళ్లు చేశాను. ఒకటి ఆరేలోపు ఇంకోటి. అదే షెడ్డు, అవే చెట్లు, నాలుగు వేళల్లో. మోనే 1890-91లో గడ్డివాముల్ని పాతిక కాన్వాసుల దాకా వేశాడు, వెలుతురు మారగానే ఇంకో కాన్వాస్ అందుకునేవాడు. నావి నాలుగు గళ్లే గానీ, మూడో గడిలో అల్ట్రామెరైన్ నీలం ఆ చెమ్మలో నెమ్మదిగా కాగితం గుంతల్లోకి దిగి గింజలు గింజలుగా పేరుకుంది. మంచు వేయడానికి నేను పడాల్సిన పాట్లన్నీ అదే పడింది.

మూడో రోజు బల్లని వరండా అంచుకి లాగి తప్పు చేశాను. జల్లు కొట్టి, కాగితం నిండా తెల్లటి చుక్కలు. పారేద్దామనుకుని కూడా, మర్నాడు దాని మీద బూడిదరంగు, లేత ఆకుపచ్చ సాఫ్ట్ పేస్టల్స్ అడ్డంగా పెట్టి రాశాను. గరుకు కాగితం కాబట్టి పొడి బాగా పట్టింది. చుక్కల్లో సగం ఆకుల మీద వెలుగయ్యాయి, మిగతా సగం వానగానే ఉన్నాయి. పొడి రాలకుండా కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే లేదు, ఉన్నా కొట్టేదాన్ని కాదు. దాంతో పేస్టల్ రంగు ఒక మెట్టు ముదురుతుంది. మీద బట్టర్ పేపర్ కప్పి, చుట్టూ టేపు వేసి మోసుకొచ్చాను.

నది దగ్గర పడవ మాట్లాడుకున్నాను. 1857లో దోబిన్యీ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు పడవనే స్టూడియోగా చేసుకుని నదుల మీద తిరిగాడు. ఆ పడవ నా పడవలా ఊగలేదేమో. పది నిమిషాల్లో ఒక్క తిన్నటి గీత పడలేదు, తల మాత్రం తిరిగింది. "రేవుకి కట్టేస్తే ఏమైనా అనుకుంటారా?" అని అడిగాను. "కట్టేసి ఊరికే కూర్చోడానికి పడవెందుకండీ?" అన్నాడు పడవాయన. ఆయన అన్నదీ నిజమే. కట్టేసిన పడవ కూడా మెల్లగా ఊగుతుంది గానీ, నీళ్లకి అంత దగ్గరగా, అంత కిందనుంచి ఒడ్డుని చూడటం గట్టు మీద కూర్చుంటే కుదరదు. డబ్బులు మొత్తం సమయానికి ముందే మాట్లాడుకోండి, టెన్షన్ ఉండదు.

అక్కడి బసలో గది పెద్దది, బల్ల పెద్దది, బల్బు మాత్రం పచ్చటిది. ఆ వెలుతురులో పసుపుకీ తెలుపుకీ తేడా తెలియదు. రాత్రి రంగులు ముట్టుకోవద్దని తెలిసీ ఒకసారి ముట్టుకున్నాను. దీపానికి వచ్చిన పురుగు ఒకటి తడి జెల్‌లో ఇరుక్కుంది. వాన్ గోహ్ 1889లో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మలో మిడత ముక్క ఉందని కాన్సస్ సిటీలోని మ్యూజియం వాళ్లు 2017లో చెప్పారు. నా పురుగుని మాత్రం పట్టకారుతో తీసేశాను.

నది బొమ్మకి ఒడ్డు కింద లోతైన నీడ కావాలి. ఎన్ని పొరలు వేసినా బురదగా వస్తోంది తప్ప లోతు రావట్లేదు. అప్పుడు సంచి అడుగున ఉన్న ఆ రెండు సిరాబుడ్డి సముద్రాలు గుర్తొచ్చాయి. అడ్డంగా, సన్నగా చింపాను. చింపిన అంచున కాగితం తెల్లటి పీచు బయటపడుతుంది, అదే నీటి మెరుపుగీతలా కనిపించింది. జెల్ రాసి ఒడ్డు కింద ఒకదాని కింద ఒకటి అతికించాను. పడవాయన మెడ చాచి చూశాడు. "రేవు కింద నీళ్లు అలాగే ఉంటాయండీ" అన్నాడు. అవి ఎక్కడి నీళ్లో నేను చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి ఒక ముక్క అంచు లేచింది. మళ్లీ జెల్ రాసి, పైన రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి ఉంచాను.