జాగ్రత్త: "99 శాతం ఎల్-మెంథాల్" అన్న మాట నమ్మి కుండ అంచు పోగొట్టుకున్నాం

తవ్వకాల్లో పనిచేసేవాళ్లు, పాత వస్తువుల్ని బాగుచేసి కాపాడే కన్జర్వేషన్ ల్యాబులకు సరుకు తెప్పించేవాళ్లు దయచేసి ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. ఆన్‌లైన్‌లో "ఎల్-మెంథాల్, 99 శాతం" అని చూసి ఐదు కిలోలు తెప్పించాం, పుదీనా పువ్వు అనేది ఇదే. మిగతాచోట్ల కంటే బాగా చవక. దాన్ని నమ్ముకున్నందుకు రాకాసి గూడులో, అంటే పెద్ద రాళ్లతో కట్టిన పాతకాలపు సమాధిలో, దొరికిన ఒక నలుపు-ఎరుపు కుండ అంచు మా చేతుల్లోనే విరిగిపోయింది.

ఈ పనికి కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. ఎన్నో ఏళ్లు మట్టిలో ఉన్న కుండకు ఒళ్లంతా పగుళ్లే. చుట్టూ ఉన్న మట్టే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే పైకి తీసేముందు పలుచని గాజ్ గుడ్డ పరిచి, కరిగించిన మెంథాల్ పోస్తాం. కాసేపట్లో గట్టిపడి ముక్కల్ని కదలకుండా పట్టేస్తుంది. ల్యాబ్‌కు చేరాక హారతి కర్పూరంలాగే దానంతట అదే గాల్లో కలిసిపోతుంది. అదే పారాలాయిడ్ బీ-72 అనే ప్లాస్టిక్ జిగురు పూస్తే అసిటోన్‌తో కడిగి తీయాలి, ఎంత కడిగినా మట్టి రంధ్రాల్లో కొంత మిగులుతుంది. ఆ కుండలో ఏం వండారో తెలుసుకునే పరీక్షలకు అది అడ్డం. చైనాలో షియాన్ దగ్గర మట్టి సైనికుల తవ్వకాల్లో కూడా మెంథాల్ వాడారు.

ఆ రోజు ఫిబ్రవరి చివరి వారం, పొద్దున్న ఏడు గంటలు, ట్రెంచ్‌లో, అంటే తవ్విన గుంతలో, ఇంకా చల్లగానే ఉంది. వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి పోశాం. పావుగంటైనా వేలు పెడితే జిగటగా అంటుకుంది. పైన పొర కట్టింది కదా, లోపల కూడా గట్టిపడి ఉంటుందిలే అనుకున్నాం. తొమ్మిదిన్నరకు ఎండ అంచు మీద పడింది. గుడ్డ అంచులోంచి నూనెలాంటి తడి కారడం నేను కళ్లారా చూశాను. పలక కిందకు తోసి ఎత్తేలోపు అంచు మూడు ముక్కలై గుడ్డతో పాటు జారింది. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

సాయంత్రం పరీక్ష చేశాం. మంచి ఎల్-మెంథాల్ 42, 43 డిగ్రీల దగ్గర కరగాలి. గాజు గొట్టంలో కొంచెం సరుకు వేసి 38 డిగ్రీల నీళ్లలో పెడితే పది నిమిషాల్లో సగం నీరైపోయింది. పాత డబ్బాలో మిగిలిన మెంథాల్ పక్కనే పెడితే చెక్కుచెదరలేదు. మాది డీఎల్ రకమో (ఎల్‌తో పాటు దాని అద్దపు ప్రతిబింబంలాంటి డీ రకం కూడా కలిసి, తక్కువ వేడికే కరిగేది), ఇంకేదైనా కలిపిన సరుకో తేల్చి చెప్పలేను. కర్పూరం, వాము పువ్వు కలిసినా మెంథాల్ గట్టిగా ఉండదు. ఇళ్లలో అమృతధార చేసేవాళ్లకు ఇది తెలుసు, మూడూ కలిపి సీసాలో వేస్తే వాటంతట అవే నీళ్లవుతాయి. కాబట్టి మెంథాల్‌ను వాటితో పాటు ఒకే డబ్బాలో పెట్టకండి.

ఇంకోటి, అమ్మినవాళ్లు పంపిన సర్టిఫికెట్ మీద బ్యాచ్ నంబరు ఒకటి, డబ్బా మీద ఇంకొకటి. బిల్లులో "ఎల్" అన్న అక్షరమే లేదు, ఉత్త మెంథాల్ అని ఉంది. మేం ఇవన్నీ సరుకు వాడాకే చూశాం, అది మా తప్పే. ఫోన్ చేస్తే "బామ్ తయారుచేసేవాళ్లకు ఇదే ఇస్తాం సార్, ఎవరూ కంప్లయింట్ చేయలేదు" అన్నారు. బామ్‌కు పనికొచ్చేది పురావస్తువుకు పనికిరాదని ఎంత చెప్పినా వినలేదు. డబ్బు వెనక్కి రాలేదు.

కొనేముందు కరిగే ఉష్ణోగ్రత, బ్యాచ్ నంబరు రాసిచ్చిన కాగితం అడగండి. సరుకు రాగానే 38 డిగ్రీల పరీక్ష చేయండి. తర్వాత గాజు పలక మీద రెండు చుక్కలు పలుచగా పూసి గాలి ఆడేచోట వదిలేయండి. కొన్ని రోజుల్లో గాజు శుభ్రంగా కనిపించాలి. మా పలక మీద మూడు వారాలైనా జిడ్డు మరక పోలేదు. ఆ మరకే ఇప్పుడు కుండ లోపల కూడా ఉంటుందన్నది నా బెంగ.

ఎండ ముదిరాక అసలైన మెంథాల్‌ను కూడా మధ్యాహ్నం ట్రెంచ్‌లో నమ్మలేం. మెంథాల్‌లాగే ఆవిరైపోయే, 60 డిగ్రీల దగ్గర కరిగే సైక్లోడోడెకేన్ అనే మైనంలాంటి పదార్థం అప్పుడు మేలు. కానీ ఖరీదెక్కువ, ఆవిరవడానికి వారాలు పడుతుంది, ఆరోగ్యం విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఏది కరిగించినా మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

డబ్బా, సర్టిఫికెట్ ఫోటోలు నా దగ్గరున్నాయి. రెండు నంబర్లు కలవని డబ్బా మీ దగ్గర ఉంటే ట్రెంచ్‌లోకి తీసుకెళ్లకండి, ముందు నాకు మెసేజ్ చేయండి.