వెలుగుల పండగకి 2,136 రూపాయలు

చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన మైదానంలో జరిగే లైట్ల పండగ ప్రకటన మీ ఫోన్లోకి కూడా వస్తుంటే, డబ్బులు కట్టేముందు ఇది చదవండి. ప్రకటనలో రెండు తాటిచెట్ల మధ్య ఆకాశం నిండా పరుచుకున్న ఊదా రంగు వల ఉంటుంది. మా అమ్మాయి నన్ను పట్టుకుని ఊపేసింది ఆ బొమ్మ చూసే.

దానికి కారణముంది. జానెట్ ఎకెల్‌మన్ అనే అమెరికన్ శిల్పి వీడియోలు మా అమ్మాయి ఈ మధ్య తెగ చూస్తోంది. ఆవిడ నగరాల నడిమధ్యలో, పెద్ద పెద్ద భవనాలకి తాళ్ళు కట్టి, గాల్లో వలలు వేలాడదీస్తారు. చీకటి పడ్డాక వాటి మీద రంగు రంగుల దీపాలు వేస్తారు. 2014లో వాంకూవర్‌లో కట్టిన వల పొడవు 745 అడుగులు. కింద నిలబడ్డ జనం తమ ఫోన్ల మీద వేలితో గీస్తుంటే, పైన వల మీద వెలుగు ఆ ప్రకారం పాకేది. మరుసటి ఏడాది బోస్టన్‌లో కట్టినదానికి 100 మైళ్ళ దారం, 5 లక్షల పైచిలుకు ముడులు పట్టాయి. ఇవన్నీ చూసిన పిల్లకి చెన్నైలోనే అలాంటిది ఉందంటే ఊరుకుంటుందా? నెల్లూరు నుంచి చెన్నై ఎంత దూరం గనక. కోడంబాకంలో మా వదిన ఇల్లు ఉండనే ఉంది. రైలు ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, కూర్చున్నాం, దిగాం.

టికెట్ 499. పన్నెండేళ్ళలోపు పిల్లలకి 299 అన్నారు గానీ మా అమ్మాయికి పన్నెండు నిండి రెండు నెలలైంది. గేటు దగ్గర ఆధార్ చూస్తారట, అందుకని తనకీ పూర్తి టికెట్టే. టికెట్‌కి 35 చొప్పున సౌకర్య రుసుము. వదినతో కలిపి నలుగురికి 2,136. ఏం సౌకర్యమో చివరిదాకా తెలియలేదు. కోడంబాకం నుంచి క్యాబ్ 640.

లోపలికి వెళ్ళగానే డీజిల్ వాసన. జనరేటర్ పక్కనే పాప్‌కార్న్ బండి, దాని పక్కన ప్లాస్టిక్ తులిప్ పూల తోట. వంగి ఒక పువ్వు చూశాను. కాడకి కట్టిన ప్లాస్టిక్ టై తోక కత్తిరించకుండా వదిలేశారు, అది పిల్లల మోకాళ్ళకి సరిగ్గా గుచ్చుకునే ఎత్తులో ఉంది. నల్ల టేపు ఊడిపోయి వైరు అతుకు బయటికి కనిపిస్తోంది. పొద్దున కురిసిన వాన నీళ్ళు ఇంకా మడుగు కట్టే ఉన్నాయి, ఆ వైర్లు అందులోంచే పోతున్నాయి. మా ఆయన విద్యుత్ శాఖలో పనిచేస్తారు. ఆ అతుకులు చూశాక ఆయనకి ఇంక లైట్లు కనపడలేదు. "అటు పోకు, ఇటు రా" అంటూ అమ్మాయి చెయ్యి పట్టుకునే నడిచారు. వంద మీటర్ల లేజర్ సొరంగం అన్నది షామియానా గుడ్డకి లోపల సీరియల్ బల్బులు కట్టిన నడవ. లైట్లతో చేసిన తిమింగలానికి తోక వైపు సగం వెలగడం లేదు. సీతాకోకచిలక రెక్కల ముందు ఫోటోకి మళ్ళీ వంద, అదీ లైన్లో నిలబడి.

ఇక ఆ వల. మొక్కల నర్సరీల్లో ఎండ తగలకుండా కడతారే, ఆకుపచ్చ షేడ్ నెట్, అదే. నాలుగు గుంజలకి బిగించి కట్టేసి, కింద రెండు ఫ్లడ్ లైట్లు పెట్టారు. గాలి వీస్తున్నా కదలదు. మా అమ్మాయి కాసేపు తలెత్తి చూసి, "అమ్మా, ఇది వల కాదు" అని ఊరుకుంది. ఏడిస్తే నయం అనిపించింది నాకు.

నిర్వాహకుల టేబుల్ దగ్గరికి వెళ్ళి ప్రకటనలో ఉన్నదేది, ఇక్కడున్నదేది అని అడిగాను. అక్కడున్న కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే "ఆర్ట్ అంటే ఫీల్ అవ్వాలి మేడమ్" అన్నాడు. అప్పుడు మా వదిన అందుకుంది. ముప్పై ఏళ్ళుగా చెన్నైలో కూరగాయల బేరాలాడిన అరవం ఆవిడది. ఆవిడ అన్నవన్నీ నాకు అర్థం కాలేదు గానీ కుర్రాడు లేచి నిలబడ్డాడు. డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు, నాలుగు పాప్‌కార్న్ కూపన్లు ఇచ్చాడు. తిరుగు క్యాబ్ రాత్రి రేటు 890. దారంతా మా ఆయన మాట్లాడలేదు. వదినే, "ఏరా, దీనికి బదులు నాలుగు సార్లు ఇంట్లోనే వడలు చేసి పెట్టేదాన్ని" అంది.

ఆ కారు మెరీనా మీదుగా తిప్పించమని అడగడం మటుకు మంచిదైంది. కూవం నది మీద నేపియర్ వంతెన కమానులకి లైట్లు వేస్తారు, కింద నీళ్ళలో ఆ కమానులు తిరగబడి కనిపిస్తాయి. కూవం వాసన తెలిసినవాళ్ళు కారు అద్దం దించకుండా చూడొచ్చు. సెంట్రల్ స్టేషన్ దగ్గర తెల్లటి రిప్పన్ బిల్డింగ్ 1913లో కట్టింది, పండగ రోజుల్లో దానికీ రంగుల దీపాలు వేస్తారు. వీటికెవరూ టికెట్ అడగరు.

అమ్మాయి మొహం చూడలేక మర్నాడు మహాబలిపురం బయల్దేరదీశాను. అక్కడికే ఎందుకంటే, ఆ వలల కథ మొదలైంది అక్కడే. 1997లో ఎకెల్‌మన్ ఫుల్‌బ్రైట్ అనే అమెరికా స్కాలర్‌షిప్ మీద మన దేశం వచ్చారు. అప్పటికి ఆవిడ చిత్రకారిణి. మహాబలిపురం చేరారు గానీ ఆవిడ రంగులు చేరలేదు. ప్రదర్శన గడువు దగ్గరపడుతోంది. సాయంత్రం ఒడ్డున తిరుగుతుంటే జాలర్లు వలలు కుప్పలుగా పోస్తున్నారు. రాయీ లోహమూ లేకుండా ఇంత ఆకారం చెయ్యొచ్చు కదా అని తోచి, వాళ్ళతో కలిసి మొదటి శిల్పాలు చేశారు. వాటిని గుంజలకెత్తి ఫోటోలు తీస్తుంటే, గాలి ఎటు వీస్తే అటు ఆకారం మారుతోందట. తర్వాత 2005లో పోర్చుగల్‌లోని పోర్టోలో రోడ్ల కూడలి మీద, 2010లో అమెరికాలోని డెన్వర్‌లో వలలు కట్టారు. డెన్వర్ వల పేరు 1.26. ఆ ఏడాది చిలీ భూకంపం వల్ల భూమ్మీద రోజు 1.26 మైక్రోసెకన్లు తగ్గిందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు, అప్పటి సునామీ అలల ఎత్తుల లెక్కల్లోంచే వల ఆకారం తీశారు.

తిరువాన్మియూరు నుంచి బస్సు. ముందు వైపు గులాబీ రంగు వేసిన ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు, అలాంటిదే దొరికింది. మా ఆయనొక్కరే టికెట్ కొన్నారు, అది కూడా గొణుక్కుంటూ. తీర దేవాలయం, పంచ రథాలు రెంటికీ కలిపి మనిషికి 40. పదిహేనేళ్ళలోపు పిల్లలకి ఉచితం, ఆధార్ గొడవ లేదు. పన్నెండేళ్ళ పిల్లని చిన్నపిల్ల అన్నది ఆ రెండు రోజుల్లో పురావస్తు శాఖ ఒక్కటే. గుడుల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఉదయం తొమ్మిదిలోపు వెళ్ళండి, తర్వాత రాతి మీద కాలు పెట్టలేరు.

గుడి దగ్గర్నుంచి ఉత్తరంగా పడవలున్న వైపు నడిస్తే వలలు బాగుచేసేవాళ్ళు కనిపిస్తారు. ఒక పెద్దాయన నీడలో కూర్చుని, చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి బిగించి పట్టుకున్నాడు. దారం చుట్టిన చిన్న ప్లాస్టిక్ పుల్లతో ముడి వేస్తాడు, బొటనవేలి వెడల్పుతో కన్ను కొలుచుకుంటాడు, మళ్ళీ ముడి. వల కేసి చూడడు, మాతో మాట్లాడుతూనే ఉన్నాడు. వదిన ఆ అమెరికావిడ కథ అరవంలో చెప్తే ఆయన విన్నాడు. పత్తి దారం రోజుల్లో వల వారానికోసారి ఆరబెట్టేవాళ్ళమని, నైలాన్ వచ్చాక ఆ బాధ పోయిందని అన్నాడు. ఆవిడ ఇప్పుడు వాడే దారం అదే బరువు ఉక్కు కంటే 15 రెట్లు గట్టిదని మా అమ్మాయి చెప్పింది. "కేజీ ఎంత?" అన్నాడు ఆయన. దానికి మా దగ్గర జవాబు లేదు. వెనక పడవ తెరచాప గుంజకి ఆరేసిన నీలం వల గాలికి పొంగి, పడిపోయి, మళ్ళీ పొంగుతోంది. మా అమ్మాయి దాని కింద వెల్లకిలా పడుకుంది. ఇసక తలనిండా పట్టింది, ఎవరూ కోప్పడలేదు.

భోజనం గురించి చెప్పాలి. సముద్రం ఎదురుగా ఉన్న పెద్ద హోటళ్ళలో చేపలు పళ్ళెంలో పెట్టి చూపించి తూకం ధర చెప్తారు, వేయించాక లెక్క మారుతుంది. పడవల వెనక సందులో రేకుల కప్పు మెస్‌లో తినండి. భోజనం 150, వంజరం ముక్క 180, నెత్తళ్ళ వేపుడు 120. పులుసులో మన మామిడికాయ ఉండదు, నువ్వుల నూనె, చిన్న ఉల్లిపాయలు ఉంటాయి. నెల్లూరు వాళ్ళం కదా, మా ఆయన మొదటి ముద్దకి మొహం చిట్లించారు. తర్వాత అన్నం రెండుసార్లు పెట్టించుకున్నారు. ముందురోజు రాత్రి నుంచి ఆయన నోట్లోంచి పూర్తి వాక్యం వచ్చింది అప్పుడే: "చేప తాజాది." నలుగురికి మూడు వంజరం ముక్కలు, ఒక నెత్తళ్ళ వేపుడుతో 1,260 అయింది. ఒక్క మాట, మధ్యాహ్నం రెండు దాటితే నెత్తళ్ళు అయిపోతాయి. సాయంత్రం తిరుగు బస్సు నిండి ఉంటుంది, ఊరి స్టాండ్‌లోనే ఎక్కండి. తిరువాన్మియూరులో దిగాక ఆటోవాళ్ళు కోడంబాకానికి 500 అంటారు. మా వదినలాంటివాళ్ళు పక్కనుంటే 280.