వీలునామా ప్యాకేజీ కొంటున్నారా? ముందు సాక్షుల సంగతి తేల్చుకోండి

మాది ఆత్రేయపురం. మావయ్యగారు పొయ్యి మీద ఒక్క కుండ బోర్లించి మొదలుపెట్టిన పూతరేకుల వ్యాపారం ఇది, ఇప్పుడు పదకొండు మంది ఆడవాళ్లు రేకులు తీస్తున్నారు, రావులపాలెంలో షాపు కూడా ఉంది. లైసెన్సు, జీఎస్టీ, బ్యాంకులో సీసీ ఖాతా (వ్యాపారానికి అప్పు వాడుకునే ఖాతా) అన్నీ ఆయన ఒక్కరి పేరునే. రెండేళ్ల కిందట హైదరాబాద్ సంస్థవాళ్లు ఇంటికొచ్చి, వీలునామా, ట్రస్టు, వ్యాపార వారసత్వం అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ అని 45,000 రూపాయలు తీసుకున్నారు. మొన్న ఆషాఢంలో ఆయన పోయారు. పెద్దకర్మ అయ్యాక ఆ ఫైలు పట్టుకుని అమలాపురంలో లాయరుగారి దగ్గరికి వెళ్తే, ఆయన ముందుగా చివరి పేజీయే తిప్పారు.

ఇద్దరు సాక్షుల సంతకాలు, ఇద్దరివీ హైదరాబాద్ అడ్రస్‌లు, తేదీ చూస్తే శనివారం. ఆ రోజుల్లో మావయ్యగారు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కులో ఉన్నారు, గుడికి తప్ప ఎక్కడికీ కదల్లేదు. మా వరండాలో కూర్చుని సంతకాలు పెట్టి కాగితాలు నా చేతికిచ్చారు, నేనే కొరియర్‌లో పంపాను. ఆ సాక్షులు ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

1925 వారసత్వ చట్టం సెక్షన్ 63 ప్రకారం, రాసినాయన సంతకం పెడుతుండగా సాక్షులిద్దరూ చూడాలి, లేదా ఆ సంతకం తనదేనని ఆయన వాళ్లకి స్వయంగా చెప్పాలి, వాళ్లు ఆయన ఎదుటే సంతకం చెయ్యాలి. తగువొస్తే ఒక సాక్షయినా కోర్టుకొచ్చి చెప్పాలి. మా కాగితం నిలబడదన్నారు లాయరుగారు. పొయ్యిలూ షాపూ మా ఆయనకి, డబ్బూ స్థలమూ మరిదికీ ఆడపడుచుకీ అని పెద్దాయన అనుకున్నది పోయి, ఇప్పుడు అన్నీ అత్తయ్యగారితో కలిపి నాలుగు సమాన భాగాలు. మా మరిదిని నేను తప్పు పట్టను, చట్టం ఇచ్చిందే అడుగుతున్నాడు, కానీ పండక్కి ఇంటికి రావడం మానేశాడు, నాకు అదే బాధ.

ఇక ట్రస్టు. ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి, ట్రస్టు పెడితే ఆ బాధ తప్పుతుంది అని భయపెట్టి అంటగట్టారు. మన గోదావరి జిల్లాల్లో ఆస్తికి రాసుకునే వీలునామాకి ప్రొబేట్ తప్పనిసరే కాదని ఇప్పుడు తెలిసింది. పైగా స్థలాన్ని ట్రస్టులో పెట్టాలంటే ఆ పత్రం రిజిస్టర్ అవ్వాలి, అది చేయించనే లేదు. నామినీ అంటే వారసుడే అని కూడా చెప్పారు, అదీ తప్పే, బ్యాంకు ఖాతాలో నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ సొంతదారు కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. జీఎస్టీ నంబరు దానంతటదే కొడుక్కి మారిపోతుందన్నారు. మారదండి, వారసులు కొత్త నంబరు తీసుకుని, సరుకు కొన్నప్పుడు ముందే కట్టిన పన్ను తాలూకు పాత క్రెడిట్‌ని ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి. బ్యాంకువాళ్లు ఆయన పోయారని తెలియగానే సీసీ ఖాతా ఆపేశారు, ఆ వారం రేకులు తీసేవాళ్లకి కూలి ఇవ్వడానికి నా గాజులు తాకట్టు పెట్టాను.

డబ్బు వెనక్కి అడిగితే పత్రాలు ఇచ్చేశాం, మా పని అయిపోయింది అన్నారు.

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి, మీకంటే వయసులో చిన్నవాళ్లని, ఊళ్లో దొరికేవాళ్లని ఇద్దర్ని సాక్షులుగా తీసుకెళ్లండి. ఇలాంటి ప్యాకేజీ ఇప్పటికే కొని బీరువాలో పెట్టుకున్నవాళ్లు ఈ రాత్రికే చివరి పేజీ తీసి, ఆ ఇద్దరూ ఎవరో మీ నాన్నగారినో మావయ్యగారినో అడగండి. తెలీదు అంటే, ఆయన ఉండగానే మళ్లీ రాయించండి.