రోహిణి కార్తెలో గ్రాఫిక్స్ కార్డు ఎంత చప్పుడు చేస్తుంది: మూడు ఎండాకాలాలు వాడిన ఆర్‌టీఎక్స్ 3060

కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ, రెండు ఫ్యాన్ల రకం. 170 వాట్లు తాగుతుంది. మూడు ఎండాకాలాలు దాటింది. విజయవాడలో ఏ కార్డు చప్పుడైనా ఎండాకాలాల లెక్కనే చెప్పాలి. డిసెంబరులో ఇక్కడ అన్ని కార్డులూ బుద్ధిమంతులే.

డబ్బాలోంచి తీసి పెట్టినట్టే వదిలేస్తే ఈ కార్డు మే నెలలో విసిగిస్తుంది. గంటసేపు కూర్చుని సర్దుకుంటే పక్కన మనిషి నిద్రపోతున్నా ఆడుకోవచ్చు. విచిత్రం ఏమిటంటే, అసలు గోల పుట్టేది డబ్బా మీద గొప్పగా రాసిన సదుపాయం నుంచే: పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోవడం.

సమీక్షలు చేసేవాళ్ల గదులు 20, 22 డిగ్రీల్లో ఉంటాయి. ఫ్యాన్ వేగం కదలకుండా బిగిస్తే, గది ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు కూడా ఇంచుమించు అన్నే పెరుగుతుంది. జనవరి రాత్రి 24 డిగ్రీల గదిలో ఆట ఆడుతూ 64 దగ్గర నిలిచిన కార్డు, 36 డిగ్రీల గదిలో 76కి పోవాలి. పోనివ్వకుండా ఫ్యాన్లు పరుగెడతాయి. ఆ పరుగే మనకు వినిపించేది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది; 10 పెరిగితేనే చెవికి రెట్టింపు అనిపిస్తుంది.

ఇక ఆ ఆగిపోయే సదుపాయం సంగతి. ఈ కార్డులో 55 డిగ్రీలు దాటితే ఫ్యాన్లు లేస్తాయి, 45కి దిగితే ఆగుతాయి. చలికాలంలో ఖాళీగా ఉన్న కార్డు 40 దగ్గరే ఉంటుంది కాబట్టి నిశ్శబ్దం. మే నెలలో, అదీ రెండు మానిటర్లు తగిలించి ఒకటి 144 హెర్ట్జ్‌లో (సెకనుకు 144 సార్లు తెర మారేలా) పెడితే, మెమరీ వేగం కిందికి దిగదు, ఖాళీగా ఉన్నా కార్డు ఎక్కువ వాట్లు లాగుతుంది. బ్రౌజరు తెరిచి ఉంచితే చాలు, 55 తాకుతుంది. ఫ్యాన్లు లేస్తాయి, రెండు నిమిషాల్లో చల్లబరిచి ఆగుతాయి, మళ్లీ లేస్తాయి. ఆగిన ఫ్యాన్ కదలాలంటే మొదట గట్టి తోపు కావాలి. అందుకే లేచిన ప్రతిసారీ ఒక గుర్రు. నిలకడగా వచ్చే చప్పుడును చెవి పది నిమిషాల్లో మరిచిపోతుంది, ఆగి ఆగి వచ్చేదాన్ని మరవదు.

కాబట్టి మొదటి పని ఆ సదుపాయం తీసేయడం. కార్డును సర్దుకునే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం సెట్టింగుల్లో ఫ్యాన్ విభాగానికి వెళ్లి, ఏ వేడికి ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో చెప్పే సొంత గీత గీసుకోవాలి: 60 డిగ్రీల వరకు 32 శాతం, 70కి 50, 78కి 65. అక్కడే హిస్టరీసిస్ అనే గడిలో 5 వేయాలి; అప్పుడు ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయినందుకల్లా వేగం మారదు. 32 శాతంలో ఈ ఫ్యాన్లు నిమిషానికి దాదాపు వెయ్యి చుట్లు తిరుగుతాయి, క్యాబినెట్ బయటికి దాదాపు ఏమీ వినపడదు.

ఇంకో చిక్కు. 1600, 1700 చుట్ల మధ్య క్యాబినెట్ పక్క రేకు జివ్వుమంటుంది. ఫ్యాన్ అదురుకు రేకు వంత పాడటమే అది. చేత్తో రేకును నొక్కిపెడితే ఆగిపోతే దోషం కార్డుది కాదు. రేకు లోపలివైపు సన్నటి ఫోమ్ టేపు అంటించడం ఒక దారి. గీతను ఆ చోట నిటారుగా పెట్టి, ఫ్యాన్ అక్కడ నిలవకుండా దాటిపోయేట్టు చేయడం రెండో దారి, ఇది ఉచితం.

ఈ తేడాలు వినాలంటే రాత్రి పదకొండు దాటాక, సీలింగు ఫ్యాను, ఏసీ కట్టేసి, కిటికీలు మూసి వినాలి. మే నెలలో అలా ఇరవై నిమిషాలకు మించి కూర్చోలేం, అందుకే క్రమం ముందే రాసుకోవాలి. కరెంటు పోయినప్పుడు నిశ్శబ్దంగా ఉంది కదా అని ఇన్వర్టరు మీద వినకండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు అయితే కంప్యూటరుకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్సే గుయ్‌మంటుంది, నింద కార్డు మీద పడుతుంది.

ముందు కార్డుకు పని ఇవ్వకుండా ఫ్యాన్‌ను 30, 40, 50, 60 శాతాల్లో ఒక్కోచోట నిమిషం బిగించి వినాలి. ఇది ఫ్యాన్ చప్పుడు మాత్రమే. తర్వాత ఫ్యాన్‌ను 40 దగ్గరే బిగించి, రోజూ ఆడే ఆట పెట్టాలి. కొత్తగా ఏదైనా కీచు వినిపిస్తే అది కాయిల్స్‌ది, అంటే కార్డులోని తీగచుట్టలది. ఫోన్ యాప్ సంఖ్యలను నిజమైన డెసిబెల్స్ అనుకోవద్దు. ఫోన్‌ను క్యాబినెట్‌కు 50 సెంటీమీటర్ల దూరంలో ఒకే చోట ఉంచి, తేడాలు మాత్రం చూసుకోవాలి. కార్డును చివరిదాకా పిండే ఫర్మార్క్ అనే పరీక్ష ప్రోగ్రాం వద్దు, ఏ ఆటా కార్డును అంతగా పిండదు. వేడి పరీక్షకు అరగంట ఆట కావాలి, క్యాబినెట్ లోపలి గాలి స్థిరపడటానికి అంత సమయం పడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది అండర్‌వోల్ట్, అంటే చిప్పుకు అందే వోల్టేజీని తగ్గించడం. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గీత తెరుచుకుంటుంది. ముందు కోర్ క్లాక్‌ను 200 తగ్గించి అప్లై చేయాలి. తర్వాత 875 మిల్లీవోల్టుల చుక్కను మాత్రం 1830 మెగాహెర్ట్జ్‌కు ఎత్తి మళ్లీ అప్లై చేస్తే, కుడివైపు గీతంతా చదునవుతుంది. ప్రొఫైల్‌గా దాచుకుని, విండోస్‌తో పాటు మొదలయ్యేలా పెట్టుకోవాలి. 170 వాట్ల దగ్గరుండే ఆటలు 130 దరిదాపులకు దిగాయి. సెకనుకు తెర మీద వచ్చే ఫ్రేముల్లో (బొమ్మల్లో) పోయింది కంటికి ఆనేంత కాదు. 36 డిగ్రీల గదిలో 1950 చుట్లు తిరిగే ఫ్యాన్లు 1450తో సరిపెట్టుకున్నాయి. స్క్రీన్ ఒక్కసారి నల్లబడి తిరిగి వస్తే ఆ చిప్పుకు ఈ వోల్టేజీ చాలలేదన్నమాట: 15 మెగాహెర్ట్జ్ తగ్గించండి, లేదా 900 మిల్లీవోల్టులకు మారండి. ఒక పూట నిలిచిందని నమ్మొద్దు, వారం ఆడాలి.

కాయిల్స్ కీచు సన్నటి ఎలక్ట్రానిక్ మోత. ఫ్రేములు ఎంత ఎక్కువైతే అంత పెరుగుతుంది. ఆట మెనూల్లో వందల ఫ్రేములు పోతున్నప్పుడు మరీను. మానిటర్ వేగానికి కాస్త కింద ఫ్రేములకు హద్దు పెడితే సగం పోతుంది.

దుమ్ము దగ్గర మన ఊరికి ప్రత్యేక గుర్తింపు ఇవ్వాల్సిందే. ఏలూరు రోడ్డు పక్కన ఇల్లైతే రెండు నెలలకే వేడిని లాగే హీట్‌సింక్ పలకల మధ్య బూడిదరంగు దుప్పటి. తాలింపు పొగ, అగరుబత్తి పొగ చేరితే అది జిడ్డుగా అతుక్కుంటుంది, ఊదితే పోదు, మెత్తటి బ్రష్ కావాలి. బ్లోయరు పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. దుమ్ముకు భయపడి ముందువైపు దోమల జాలి కుట్టేవాళ్లున్నారు. జాలి సన్నదైతే గాలి ఆగిపోయి, కార్డు ఫ్యాన్లు ఇంకా పరుగెత్తుతాయి. బల్లులు దూరకుండా వెనక ఖాళీ స్లాట్లకు మూతలు పెట్టుకుంటే చాలు.

మూడో ఏడు ఒక ఫ్యాన్ గరగరలాడింది. మామూలు స్లీవ్ బేరింగ్‌లో గ్రీజు వేడికి ఎండిపోతుంది, పైగా కార్డు బోర్లా వేలాడుతుంది కాబట్టి బరువంతా ఒక చివరే. స్టిక్కర్ ఊడదీసి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్ని నెలలు గడుస్తాయి. మార్చాలంటే గవర్నర్‌పేట దుకాణాలకు వెళ్లేముందు ఫ్యాన్ వెనక రాసిన నంబరు, ఓల్టులు, ఆంపియర్లు ఫొటో తీసుకుని, రెక్కల వ్యాసం, స్క్రూ రంధ్రాల దూరం స్కేలుతో కొలిచి పెట్టుకోవాలి. కార్డు పేరు చెబితే సరిపోదు. ఒకే కార్డుకు వేర్వేరు ఫ్యాన్లు వస్తాయి.

చిప్పు నుంచి హీట్‌సింక్‌కు వేడి దాటించే పేస్టు మార్చాలా వద్దా అన్నది వేడి లెక్కలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం చెబుతుంది. హాట్‌స్పాట్‌కూ (చిప్పులో అన్నిటికన్నా వేడి చోటు) కోర్‌కూ తేడా 12, 15 డిగ్రీలుంటే వదిలేయండి. 25 దాటితే విప్పాలి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. మెమరీ మీది ప్యాడ్లు చిరిగితే అదే మందం వెయ్యాలి. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్పుకు ఆనదు, పాత వేడే నయమనిపిస్తుంది.

కొత్తగా కొనేవాళ్లకు 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 ఈ ఊరి ఎండకు సులువు, మెమరీ 8 జీబీకే ఒప్పుకుంటే. పాత 3060 కొంటుంటే, కరెంటు లేకుండా రెండు ఫ్యాన్లనూ వేలితో తిప్పండి. ఒకటి ముందే ఆగిపోతే ఆ ఫ్యాన్ ఖరీదు తగ్గించి అడగండి.