మూడు మాసికలు, నాలుగేళ్లు: జిప్సమ్ గోడకు నేను వాడిన సామాను

బెంగళూరు మారతహళ్లిలో మేము అద్దెకుండే ఇంట్లో హాలును రెండుగా విడగొట్టి, ఆఫీసు గది కోసమని ఓనరు జిప్సమ్ బోర్డు గోడ కట్టించాడు. 12.5 మిల్లీమీటర్ల పలక, దానికి రెండు వైపులా కాగితం, వెనక రేకు చట్రం, మధ్యంతా ఖాళీ. మా అత్తయ్య నంద్యాల నుంచి మొదటిసారి వచ్చినప్పుడు వేలితో తట్టి చూసి, "గోడేనా తల్లీ ఇది, అట్టపెట్టెనా?" అన్నారు. ఈ గోడకు నాలుగేళ్లలో మూడుచోట్ల మాసిక వేశాను. ఏది నిలిచిందో, ఏది ఊడిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మొదటి దెబ్బ 2021లో. గాలికి తలుపు విసురుగా వెళ్లి కొట్టుకుంటే, దాని పిడి గోడలోకి దిగి పిడికిలంత బొక్క పడింది. పెయింటర్‌ని పిలిపిస్తే బొక్కలో న్యూస్‌పేపర్ కుక్కి, పైన పీఓపీ మెత్తి, అదేరోజు రంగు కొట్టేసి వెళ్లాడు. రెండు నెలలకు చుట్టూ గుండ్రంగా పగులు కనిపించింది. ఒకరోజు తలుపు గట్టిగా పడగానే ఆ ముద్ద మొత్తం గోడ లోపలికి జారిపోయింది. వెనక పట్టు లేకుండా గాలిలో వేలాడే ముద్ద నిలవదు. నాకు అర్థమైన అసలు సంగతి ఇదే. పైన పూసే మందు ఎంత ఖరీదైనదైనా, మాసికను మోసేది వెనకున్న చెక్కా, మీదున్న టేపూ.

ఈసారి నేనే కూర్చున్నాను. బొక్క చుట్టూ నలుచదరంగా గీసి, చిన్న రంపంతో కోశాను. మా వీధిలో ఫాల్స్ సీలింగ్ పని జరుగుతుంటే అక్కడ పారేసిన బోర్డు ముక్క అడిగి తెచ్చుకున్నాను. రెండు చెక్క పట్టీలు బొక్క లోపలికి దూర్చి, అటూ ఇటూ 25 మిల్లీమీటర్ల స్క్రూలతో బిగించి, వాటిమీద కొత్త ముక్క కూర్చోబెట్టాను. స్క్రూ తల కాగితాన్ని చించకుండా, కాస్త లోపలికి మాత్రమే దిగాలి. కాగితం చిరిగితే ఆ స్క్రూ పట్టు పోయినట్టే, పక్కన ఇంకోటి వేసుకోవాలి.

అతుకుల మీద జిగురున్న జాలీ టేపు, దానిమీద అతుకులు పూడ్చడానికి నీళ్లు కలుపుకునే జాయింట్ పొడి. మూడు పూతలు, ఒక్కోటి ముందుదానికన్నా రెండేసి అంగుళాలు వెడల్పుగా. బొక్క చిన్నదే అయినా చివరికి పూత అడుగున్నర దాకా పరుచుకుంది. అంత పరిచాను కాబట్టే ఇవాళ ఆ చోటెక్కడో మా ఆయన కూడా చూపించలేరు. నాలుగేళ్లలో వెంట్రుకంత గీత కూడా రాలేదు.

ఈ పొడి మంచిదా, ముందే కలిపి డబ్బాలో వచ్చే ముద్ద మంచిదా అని చాలామంది అడుగుతారు. రెండూ వాడాను, రెండింటికీ వేరువేరు పనులున్నాయి. పొడి పీఓపీ జాతిది. జిప్సమ్‌ను కాల్చి నీటిని చాలావరకు తీసేస్తే ఆ పొడి అవుతుంది, మళ్లీ నీళ్లు తగిలితే గట్టిపడుతుంది. ఆరడం కోసం ఎదురుచూడదు కాబట్టి బెంగళూరు సెప్టెంబరు, అక్టోబరు వానల్లో కూడా గంటన్నరలో బిగుసుకుంది. డబ్బా సరుకు మాత్రం నీరు ఆవిరైతేనే ఆరుతుంది. అదే వానల్లో దాని పూతొకటి రెండు రోజులైనా వేలికి మెత్తగానే తగిలింది. పైగా ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, లోతైన గుంటలో వేస్తే పగుళ్లే. జాలీ టేపు మీద మొదటి పూతగా దాన్నే వేసిన ఒక అతుకు ఏడాదిలోపే చీలింది. ఆఖరి పూతకు మాత్రం అదే నాకిష్టం. వెన్నలా జారుతుంది, ఉప్పుకాగితానికి సులువుగా లొంగుతుంది.

పొడి కలపడంలో ఒక మెళకువ నాకు ఆలస్యంగా తెలిసింది. ముందు నీళ్లు, తర్వాత పొడి. పాత ముద్ద అంటుకున్న గిన్నెలోనే కొత్తది కలిపితే, ఆ గట్టిపడిన నలుసులు కొత్తదాన్ని కూడా తొందరగా బిగించేస్తాయి. రెండోసారి కలిపినప్పుడు పది నిమిషాల్లోనే చేతిలో రాయైపోతే పొడి పాతదేమో అనుకున్నాను, కారణం గిన్నె. ఆ గిన్నె సింకులో కడగకండి, పైపులో కూడా అలాగే రాయవుతుంది. ఈ పొడితో నాకున్న పెద్ద ఇబ్బంది, మా దగ్గర షాపుల్లో పెద్ద మూటగా తప్ప దొరక్కపోవడం. మిగిలింది తేమ తగలకుండా కందిపప్పు పోసుకునే లాంటి మూత డబ్బాలో దాచుకున్నాను.

రెండో మాసిక చిన్నది. పుస్తకాల అర బరువుకు స్క్రూల ప్లగ్గులు ఊడి, నిమ్మకాయంత బొక్కలు రెండు పడ్డాయి. దీనికి చెక్కపట్టీలు అక్కర్లేదు. బోర్డు ముక్క బొక్కకన్నా పెద్దగా కోసి, వెనక కాగితాన్నీ అంచుల్లోని జిప్సమ్‌నూ తీసేసి, ముందు కాగితాన్ని మాత్రం చుట్టూ అంచులా ఉంచి అంటించాను. బాగానే ఉంది. కానీ దానికి మేకు, స్క్రూ ఏదీ దిగ్గొట్టకూడదు. అరను మళ్లీ రేకు చట్రానికే బిగించాను. చట్రం ఎక్కడుందో ఫ్రిజ్ అయస్కాంతంతో గోడంతా తడుముతూ పోతే, లోపలి స్క్రూల దగ్గర చటుక్కున పట్టుకుంది.

మూడోది నా తప్పు. బాత్‌రూమ్ వైపు పైపు చెమ్మకు గోడ అడుగు ఉబ్బి, కాగితం పొరలుగా లేచింది. గీకి, లప్పం పెట్టి, రంగేశాను. నెల తిరక్కుండా నల్ల మచ్చలు, వాటితోపాటు బూజు వాసన. తడిసి మెత్తబడిన బోర్డుకు మాసిక పనికిరాదు. ముందు పైపు బాగుచేయించి, కింద అడుగు ఎత్తు మొత్తం కోసేసి, తేమకు తట్టుకునే పచ్చ బోర్డు వేయించాం. నేల నుంచి వేలు దూరేంత సందు వదిలి, దాన్ని స్కర్టింగ్‌తో, అంటే గోడ అడుగున వేసే పట్టీతో కప్పాం. అప్పటి నుంచి పొడిగానే ఉంది.

రంగు ముందు రెండు పనులు వదలొద్దు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చి గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు పడేలా పట్టుకోండి. పగలు చేతికి కూడా తెలియని గుట్టలన్నీ నీడలు పరుస్తాయి. నేను 220 నంబరు ఉప్పుకాగితంతో వాటినే రుద్దాను, ముక్కుకు మాస్కు కట్టుకుని. రెండోది ప్రైమరు. అది లేకపోతే పూత ఉన్నచోట రంగును పీల్చేసుకుని, ఎన్ని కోట్లు కొట్టినా మాసిక మచ్చలా కనిపిస్తుంది.

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె అడ్వాన్సులో కోసేస్తారు కదా, అయినా ఎందుకింత కష్టం అని పక్కింటి అక్క అడిగింది. రోజూ కూర్చునే గది, ఆ బొక్క కళ్లముందే ఉంటే నాకు పని సాగదు.

ఇప్పుడు సీలింగుతో గోడ కలిసే మూలలో సన్నటి గీత మొదలైంది. దసరా సెలవుల్లో పట్టుకుంటాను. అక్కడ జాలీ టేపు వేయను. మూలలోకి మడత పడే కాగితం టేపునే, కింద మందు పరిచి, గాలి బుడగ మిగలకుండా నొక్కి వేస్తాను.