పేడ కడిగే మూడు జల్లెడల సెట్టు: నాలుగు వేలకి దండగా?

ఆవులున్నవాళ్లకే ఈ రివ్యూ, మిగతావాళ్లు భోజనం అయ్యాక చదవండి.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె, జెర్సీ క్రాస్ ఆవులు. తిన్న మేత ఎంత నలగకుండా పేడలో వస్తోందో కడిగి చూసే డైజెషన్ అనలైజర్ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే తెప్పించాను. పేరు గొప్పదే గానీ వచ్చింది ఒకదాని మీద ఒకటి పెట్టే మూడు స్టీలు జల్లెడలు: పైదాని కన్నాలు ఐదు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, మధ్యది రెండున్నర లోపు, కిందది ఒకటిన్నర చిల్లర. స్టీలు మందంగా ఉంది, తుప్పు పట్టలేదు. ఒకదాంట్లో ఒకటి మాత్రం సరిగ్గా కూర్చోదు, పైపు కాస్త గట్టిగా వదిలితే సందులోంచి పేడనీళ్లన్నీ లుంగీ మీదికే. ఎలా వాడాలో రాసిన కాగితం ముక్క కూడా లేదు.

నాలుగైదు ఆవుల తాజా పేడ తలా కాస్త తీసి, అంతా కలిపి రెండు లీటర్ల దాకా పైజల్లెడలో వేసి, కిందికి తేట నీళ్లు దిగేదాకా కడగాలి. చేత్తో నలపొద్దు, నలిపితే పెద్ద పీచు కూడా కిందికి దిగిపోయి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మూడింటిలో మిగిలినదాన్ని విడివిడిగా పిండి ముద్దలు చేసి పోల్చుకోవాలి. పైన పది శాతం దాటకూడదు, మధ్యలో ఇరవై లోపు, సగానికి పైగా అడుగున ఉండాలి, ఇదీ మామూలుగా చెప్పే లెక్క.

కూలీలు దొరక్క కోత ఆలస్యమైన సూపర్ నేపియర్ గడ్డి వేస్తున్న రోజుల్లో పైజల్లెడలోనే బోలెడు మిగిలింది: కాడ ముక్కలు, వరిగడ్డి పీచు, నలగని మొక్కజొన్న గింజలు కూడా. తర్వాత 45 రోజులకే కోసిన మేత వేసి, మొక్కజొన్న మెత్తగా ఆడించి చూస్తే పైన మిగిలేది బాగా తగ్గింది. గడ్డి ముదిరే కొద్దీ అందులో లిగ్నిన్ అనే అరగని గట్టి పదార్థం పెరిగి పీచుని కడుపులో సూక్ష్మజీవులకి అందనివ్వదని వింటూనే ఉంటాం, కళ్లతో చూస్తే మాత్రం కోత వాయిదా వెయ్యబుద్ధి కాదు. ఆ ఒక్కందుకు ఈ సెట్టు నాకు నచ్చింది.

ఇక అమ్మేవాళ్లు "పీచు ఎంత అరిగిందో కొలుస్తుంది" అని రాశారే, అది అబద్ధం. ఇది చూపించేది ముక్కల సైజు, అంతే. మేతని పొడిపొడిగా కొట్టి వెయ్యండి, జల్లెడలో ఏమీ మిగలదు, కానీ ఆ పొడి కడుపులో ఎక్కువసేపు నిలవక అరక్కుండానే బయటికి జారిపోయి ఉండొచ్చు! నిజంగా కొలవాలంటే రోజంతా తిన్న మేత, రోజంతా వేసిన పేడ తూచి రెండింటిలో పీచు ఎంతో చూడాలి, లేదా లిగ్నిన్ లాంటి అరగనిదాన్ని గుర్తుగా పెట్టుకుని లెక్క కట్టాలి. ల్యాబులో అయితే మేత పొడిని ఆవు పెద్ద పొట్టలోని ద్రవంలో 30 గంటలో 48 గంటలో ఉంచి, ఎన్‌డీఎఫ్, అంటే మొత్తం పీచు, ఎంత తగ్గిందో చూస్తారు. 240 గంటలు ఉంచినా మిగిలిందాన్ని ఇక ఏ ఆవూ అరిగించుకోలేనిదిగా లెక్కేస్తారు.

నేను ఒక ప్రైవేటు ల్యాబుకి మేత పంపితే ప్రొటీన్, ఎన్‌డీఎఫ్, ఏడీఎఫ్ (పీచులో గట్టి భాగం) ఇచ్చి ఊరుకున్నారు. ఎంత అరుగుతుందండీ అంటే "ఎన్‌డీఎఫ్ ఇచ్చాం కదండీ" అన్నారు. పీచు ఎంత ఉందో చెబితే ఎంత అరుగుతుందో చెప్పినట్టేనా? 1999లో అమెరికాలో ఒబా, అలెన్ అనేవాళ్లు చాలా ప్రయోగాలు కలిపి చూస్తే, మేత పీచు అరుగుదల ఒక్క శాతం పెరిగితే ఆవు రోజుకి 0.17 కిలోల మేత, తేమ తీసేసిన లెక్కన, ఎక్కువ తిని, నాలుగు శాతం ఫ్యాట్ లెక్కలో పావుకిలో పాలు ఎక్కువ ఇచ్చిందట. అవి బాగా పాలిచ్చే ఆవులు, మన క్రాస్ ఆవులకి అంతే వస్తుందని నేననను. అయినా డబ్బు తెచ్చే అంకె అదే, రిపోర్టులో లేనిదీ అదే. మీరు శాంపిల్ పంపేముందే ఫోన్ చేసి "ఎన్‌డీఎఫ్‌డీ ఇస్తారా, ఎన్ని గంటలకి?" అని అడగండి, చివర డీ అంటే ఆ పీచులో అరిగే వంతు.

జల్లెడలకి ఐదుకి మూడు. రెండు వేలకి వస్తే నాలుగు ఇచ్చేవాణ్ని. రోజూ వాడే వస్తువు కాదు, మేత మార్చినప్పుడు ముందోసారి, రెండు మూడు వారాలు పోయాక ఇంకోసారి చూస్తే సరి, కాబట్టి నలుగురైదుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కోండి. మా చుట్టుపక్కల వాళ్లయితే అదీ అక్కర్లేదు, అడిగితే నాదే ఇస్తాను, తిరిగి ఇచ్చేటప్పుడు కడిగి ఇవ్వండి.